కథ కంచికి సరే, మనం ఎక్కడికి? కంచి, కుంభకోణం, మదురైలలో మీకు సరిపోయే ఊరు

తమిళనాడు గుళ్లు చూడాలనుకునే తెలుగు కుటుంబాల దగ్గర దాదాపు ఒకే ప్లాన్ ఉంటుంది. శుక్రవారం రాత్రి బయల్దేరడం, కంచి చూసుకుని తంజావూరు, అక్కణ్నుంచి మదురై, "ఇంత దూరం వచ్చాం కదా" అని రామేశ్వరం, సోమవారం రాత్రికి ఇల్లు. మేమూ ఒకసారి అలాగే వెళ్లాం. మూడు రోజుల్లో కారు సీటు కవర్లను చూసినంత తీరిగ్గా ఏ గోపురాన్నీ చూడలేదు. కుంభకోణంలో మేం చేరేసరికి పన్నెండుంపావు. పూజారిగారు తాళం వేసి గొళ్లెం లాగి చూసుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులతో అంత దూరం వచ్చిన అమ్మ ఆ తలుపుకే దండం పెట్టుకుని కారెక్కింది. కంచి గరుడ సేవ అంటే ఏమిటో ఆ రోజు బాగా అర్థమైంది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, మేం రోజులు లెక్కపెట్టుకున్నాం. అక్కడ లెక్కపెట్టాల్సింది పూటలు.

మనకి తిరుమల అలవాటు. అక్కడ అర్ధరాత్రి కూడా క్యూ కదులుతూ ఉంటుంది. తమిళనాడులో అలా కాదు. చాలా గుళ్లు పొద్దున ఆరింటికి అటూఇటూగా తెరిచి, పన్నెండు, పన్నెండున్నరకి మూసేస్తారు. మళ్లీ నాలుగింటికి తెరిస్తే రాత్రి ఎనిమిది, తొమ్మిది వరకు. అంటే రోజుకి మీ చేతిలో ఉండేవి రెండు పూటలు. మధ్యాహ్నం ప్రయాణానికో, భోజనానికో, నిద్రకో తప్ప దర్శనానికి పనికిరాదు. ఈ లెక్కన కంచికి మూడు పూటలు చాలు. మదురైకి రెండు పూటలు, అయితే అవి సాయంత్రం ఒకటి, మర్నాటి పొద్దున ఒకటి అయి ఉండాలి. కుంభకోణానికి ఆరు పూటలకి తక్కువైతే వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చాలామంది కుంభకోణాన్ని "దారిలో" చూద్దామనుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నా.

కంచి: దగ్గర, తేలిక, కానీ హడావిడి

తిరుపతి నుంచి సుమారు 110 కిలోమీటర్లు, చెన్నై నుంచి 75. తిరుమల వెళ్లినవాళ్లు ఇంకో రోజున్నర కలుపుకుంటే కంచి అయిపోతుంది. ఇప్పుడు అరుణాచలం గిరిప్రదక్షిణకి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు కదా, వాళ్లకీ ఇది దారిలోనే. పంచభూత లింగాలు వరసగా చూడాలనుకునేవాళ్లు శ్రీకాళహస్తిలో వాయులింగం, కంచి ఏకాంబరేశ్వరుడి దగ్గర పృథ్వీలింగం, తిరువణ్ణామలైలో అగ్నిలింగం ఒకే ప్రయాణంలో చూసేయొచ్చు. సెలవులు తక్కువ ఉన్నవాళ్లకి ఇంతకంటే అనువైన దారి లేదు.

కంచిలో గుళ్లన్నీ ఒకే చోట ఉంటాయనుకోవద్దు. ఏకాంబరేశ్వరుడు, కామాక్షి, కైలాసనాథుడు శివకంచి వైపు ఉంటారు. వరదరాజస్వామి విష్ణుకంచిలో, అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో. నడిచి తిరిగే ఊరు కాదు, ఆటో మాట్లాడుకోవాల్సిందే. మాట్లాడుకునేటప్పుడే "చీరల షాపుకి వద్దు, గుళ్లకే" అని స్పష్టంగా చెప్పండి. చెప్పినా ఒకసారి అడుగుతారు, అది వేరే సంగతి.

మనవాళ్లు కంచి అనగానే బంగారు బల్లి, వెండి బల్లి అంటారు. వరదరాజస్వామి గుడిలో పైకప్పుకి ఉన్న ఆ బల్లుల్ని ముట్టుకోవడానికి జనం బాగానే ఉంటారు. గర్భగుడి చిన్న గుట్ట మీద ఉంటుంది, 24 మెట్లు ఎక్కాలి. పెద్దవాళ్లు మెల్లిగా ఎక్కగలరు. అత్తి వరదర్, అంటే కోనేట్లో ఉంచే అత్తి కర్ర విగ్రహం కోసం వెళ్తున్నామని ఇప్పటికీ కొందరు అంటూంటారు. ఆయన కోనేటి నుంచి 40 ఏళ్లకోసారే బయటికి వస్తారు. 2019లో వచ్చి వెళ్లారు కాబట్టి ఇక 2059 దాకా ఆగాలి. మామూలు రోజుల్లో దర్శనమిచ్చే మూలవిరాట్టు వేరు. బల్లుల హడావిడిలో పడి నూరు స్తంభాల మండపం చూడకుండా వచ్చేవాళ్లని చూస్తే బాధేస్తుంది. దాని మూలల్లో రాతి గొలుసులు వేలాడుతుంటాయి, ఒకే రాయిలోంచి చెక్కినవి. విజయనగర కాలపు పని. ఏకాంబరేశ్వరుడి గుడికి 192 అడుగుల రాజగోపురం కట్టించింది కూడా మన కృష్ణదేవరాయలే, 1509లో.

నన్నడిగితే కంచిలో మొదట చూడాల్సింది కైలాసనాథుడి గుడి. జనం తక్కువ. రాజసింహుడనే పల్లవరాజు 8వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. ఇసుకరాయి, కాలంతో పాటు అరిగిపోయింది, అక్కడక్కడ పాత సున్నపు పూత, రంగుల ఛాయలు ఇంకా మిగిలున్నాయి. ప్రాకారం లోపలి గోడ పొడుగునా చిన్న చిన్న గుళ్లు బారులు తీరి ఉంటాయి. పొద్దున ఏడింటికి ఏటవాలుగా ఎండ పడేటప్పుడు ఆ గుళ్ల ముందు కూర్చుంటే బయట బస్సు హారన్లు కూడా వినపడవు. గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ చేయాలంటే ఇరుకు కన్నంలోంచి పాక్కుంటూ వెళ్లి బయటికి రావాలి. పునర్జన్మ ఉండదని నమ్మకం. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఈ జన్మ గురించి ఆలోచించుకుని మానేయడం మేలు.

చీరల సంగతి. కంచి వెళ్లే కుటుంబాల్లో సగం మంది పెళ్లి చీరల కోసమే వెళ్తారు, దర్శనం ఆ తర్వాత. అందులో తప్పేం లేదు, కానీ చీరలకి ఒక పూట మొత్తం కేటాయించండి. మధ్యాహ్నం గుళ్లు మూసిన సమయం దీనికి సరిగ్గా సరిపోతుంది. కంచి పట్టులో అంచుని వేరే నాడెతో నేస్తూ ఒంటితో కలిపే పద్ధతిని కోర్వై అంటారు. అంచూ ఒళ్లూ వేర్వేరు రంగుల్లో ఉన్న చీరలో ఆ కలిపిన చోటు చూపించమని అడగండి. సిల్క్ మార్క్ ఉందో లేదో చూసుకోండి. బయటికి వచ్చాక పక్క షాపులో ధర అడగొద్దు, మనశ్శాంతి పోతుంది.

కుంభకోణం: దీని కోసమే వెళ్లాలి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోవద్దు. మా కుటుంబం రెండోసారి వెళ్లింది ఈ ఊరికే. వేరే ఎక్కడికీ పోకుండా నాలుగు రోజులు ఉన్నాం.

ఊళ్లోనే కుంభేశ్వరుడు, శార్ఙ్గపాణి, నాగేశ్వరుడు, చక్రపాణి, రామస్వామి గుళ్లు ఉన్నాయి. అన్నీ ఒకదానికొకటి దగ్గర, కాళ్లలో బలముంటే నడిచే తిరగొచ్చు. రామస్వామి గుడిలోకి తెలుగువాళ్లు తప్పకుండా వెళ్లాలి. తంజావూరు నాయక రాజు రఘునాథుడి కాలపు కట్టడం. ప్రాకారం గోడల మీద రామాయణమంతా బొమ్మలుగా వేసి ఉంటుంది. పిల్లలకి కథ చెప్తూ నడిస్తే గంట ఇట్టే గడిచిపోతుంది. స్తంభాల మీద శిల్పాలు చూస్తుంటే మన లేపాక్షి గుర్తొస్తుంది. మహామహం కోనేరు ఊరి మధ్యలోనే ఉంది, చుట్టూ 16 మండపాలు. 12 ఏళ్లకోసారి ఇక్కడ జరిగే మహామహం 2016లో జరిగింది, మళ్లీ 2028లో. ఆ ఏడు స్నానానికి వెళ్లాలన్న పట్టుదల లేకపోతే ఆ రోజుల్లో కుంభకోణం వైపు వెళ్లకండి. లక్షల జనంలో గుళ్లు చూడటం కుదిరే పని కాదు.

అసలు సంపద ఊరి చుట్టూ ఉంది. నాలుగు కిలోమీటర్లలో దారాసురం. రెండో రాజరాజ చోళుడు 12వ శతాబ్దంలో కట్టించిన ఐరావతేశ్వరుడి గుడి, యునెస్కో జాబితాలో ఉంది. ముందు మండపాన్ని గుర్రాలు లాగే రథంలా చెక్కారు. ఒకచోట ఏనుగుకీ ఎద్దుకీ కలిపి ఒకే తల ఉంటుంది. చేత్తో ఎడమ సగం మూస్తే ఒక జంతువు, కుడి సగం మూస్తే ఇంకొకటి. నాయనార్ల (తమిళ శివభక్తుల) కథలు జానెడు రాళ్లలో వరసగా చెక్కారు. తంజావూరు పెద్ద గుడి ఎత్తుతో ఆశ్చర్యపరుస్తుంది. దారాసురం అలా కాదు, దగ్గరికి వెళ్లి వంగి చూసినవాళ్లకే కనపడుతుంది. నాకు రెండోదే ఎక్కువ ఇష్టం, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

దారాసురానికి దగ్గర్లోనే స్వామిమలై. సుబ్రహ్మణ్యస్వామి ఆరు పడైవీడుల్లో, అంటే ఆరు ముఖ్య క్షేత్రాల్లో ఒకటి. 60 సంవత్సరాల పేర్లకి గుర్తుగా 60 మెట్లు. కొండ దిగాక ఊళ్లో స్థపతుల (శిల్పుల) ఇళ్ల ముందు ఆగండి. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసి విగ్రహాలు చేసే పద్ధతి ఇప్పటికీ ఇక్కడ నడుస్తోంది. చోళుల కాలం నాటి నటరాజులు పుట్టింది ఈ పద్ధతిలోనే. ఒప్పిలియప్పన్ గుడిలో ప్రసాదంలో ఉప్పు వేయరు. మా నాన్నకి బీపీ, ఆయన ప్రశాంతంగా తిన్న ఏకైక ప్రసాదం అదే.

కుంభకోణం అంటే నవగ్రహ క్షేత్రాలు అనుకునేవాళ్లు ఎక్కువ. సూర్యనార్ కోయిల్, ఆలంగుడి, తిరునాగేశ్వరం, కంజనూరు దగ్గర్లో ఉంటాయి. తిరువెంకాడు, వైదీశ్వరన్ కోయిల్, తిరునళ్లారు దూరం. తొమ్మిదీ ఒక్క రోజులో చూపించే బస్సులు, కార్లు ఉన్నాయి. తెల్లవారుజామున బయల్దేరదీసి రాత్రికి దింపుతారు. మొక్కు ఉంటే వెళ్లండి. మొక్కు లేకుండా "ఎలాగూ వచ్చాం కదా" అని వెళ్లొద్దు. ఒక్కో గుడిలో ఇరవై నిమిషాలు పెట్టి, మిగతా రోజంతా కిటికీలోంచి వరిచేలు చూడ్డమే. రాహుకేతు పూజ ఒక్కటే పని అయితే ఇంత దూరం ఎందుకు, శ్రీకాళహస్తి మన దగ్గరే ఉంది. వైదీశ్వరన్ కోయిల్లో నాడీ జాతకాలు చూపిస్తామని దారిలోనే ఎదురొస్తారు. వాళ్లతో ఒక్క మాట కలిపారా, ఆ పూట అయిపోయినట్టే.

కుంభకోణంలో ఉండాలా, తంజావూరులో ఉండాలా?

రెండు ఊళ్ల మధ్య దూరం 40 కిలోమీటర్లే. రెండిట్లో ఎక్కడున్నా రెండోది చూడొచ్చు. తేడా అల్లా మీకు దేనిమీద ఎక్కువ ఇష్టమన్నదే.

తంజావూరులో చూడాల్సింది ప్రధానంగా పెద్ద గుడి. మొదటి రాజరాజ చోళుడు కట్టించి 1010లో పూర్తి చేసిన బృహదీశ్వరుడు, సుమారు 216 అడుగుల విమానం (గర్భగుడి మీది శిఖరం). గోపురం కంటే విమానమే ఎత్తుగా ఉండటం మన కళ్లకి కొత్త. దాని నీడ నేల మీద పడదని గైడ్లు చెప్తారు. సాయంత్రం ఐదింటికి పక్కకి తిరిగి చూడండి, ఎంచక్కా పడుతుంది. గుడి తర్వాత ప్యాలెస్‌లోని మ్యూజియం. చోళుల కంచు విగ్రహాలు అక్కడున్నంత దగ్గరగా చూడ్డం గుడిలో కుదరదు, అలంకారంలో కప్పేసి ఉంటాయి కాబట్టి. వృషభం మీద మోచేయి ఆన్చి నిలబడినట్టున్న శివుణ్ని వెతకండి. ఇప్పుడక్కడ ఎద్దు లేదు, ఆన్చిన చేయి మాత్రమే గాల్లో ఉంటుంది. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలు కూడా ఉన్నాయి. తంజావూరు నాయకుల కొలువులో తెలుగు యక్షగానాలు ఆడేవారు, మువ్వగోపాల పదాల క్షేత్రయ్య అక్కడికి వెళ్లినవాడే. తమిళదేశం నడిబొడ్డున మూడు తరాల రాజులు తెలుగులో రాశారంటే పిల్లలు నమ్మరు. ఆ రాతప్రతులు ఉన్న ఊరు చూపిస్తే నమ్ముతారు.

తిరువయ్యారు తంజావూరుకి 13 కిలోమీటర్లు. కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. 1847లో ఆయన పోయాక ఆ చోటు పాడుబడి ఉంటే, బెంగళూరు నాగరత్నమ్మ తన సొంత సొమ్ముతో గుడి కట్టించింది. ఆమె విగ్రహం సమాధికి ఎదురుగా చేతులు జోడించుకుని ఉంటుంది. పుష్య బహుళ పంచమికి ఆరాధన. సంగీతం తెలిసినవాళ్లయితే ఆ రోజుకే ప్లాన్ చేసుకోండి, త్యాగరాజ పంచరత్న కృతులు అందరూ కలిసి పాడతారు. సంగీతం అంతగా పట్టనివాళ్లకి ఆరాధన రోజుల కంటే మామూలు రోజు మంచిది, ఒడ్డున ఎవరూ ఉండరు.

కాబట్టి రెండు రాత్రులే ఉంటే తంజావూరులో దిగి, కుంభకోణం వైపు ఒక్కరోజు దారాసురానికి వెళ్లి రండి. నాలుగు రాత్రులుంటే కుంభకోణంలో దిగండి. అక్కడి నుంచి 35 కిలోమీటర్ల దూరంలో గంగైకొండ చోళపురం కూడా చూడొచ్చు. రాజరాజు కొడుకు రాజేంద్రుడు కట్టించిన గుడి, తండ్రి గుడి కంటే కాస్త పొట్టి, చాలా అందం. భక్తుడైన చండేశుడి తలకి శివుడు పూలదండ చుడుతున్న శిల్పం ఒక్కదాని కోసం ఆ 35 కిలోమీటర్లూ వెళ్లొచ్చు.

తిండి గురించి ఒక్క ముక్క. కుంభకోణం ఇత్తడి దవరాలో డిగ్రీ కాఫీ మీద అందరికీ ఏకాభిప్రాయమే. భోజనం దగ్గర మాత్రం మూడోరోజుకి పచ్చడి గుర్తొస్తుంది. చిన్న ఆవకాయ డబ్బా సంచీలో పెట్టుకోండి.

మదురై: ఒకే గుడి, ఒక రాత్రి

మదురైకి వెళ్లేవాళ్లు మీనాక్షమ్మ కోసం వెళ్తారు, ఆ ఒక్కదానికే వెళ్లినా ప్రయాణం దండగ కాదు. 14 గోపురాలు, దక్షిణ గోపురం 170 అడుగులు. ఇప్పుడు మనం చూస్తున్న గుడిలో ఎక్కువ భాగం మదురై నాయకుల కాలంలో కట్టింది. వాళ్లూ తెలుగు మూలాలున్నవాళ్లే. గుడి చుట్టూ ఊరు చతురస్రాలుగా పెరిగింది. బయట వీధులకి చిత్తిరై, ఆవణి, మాసి అంటూ తమిళ నెలల పేర్లు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు పగలు పది గంటలకి వెళ్లి క్యూలో నిలబడటం. నా సలహా: సాయంత్రం నాలుగున్నరకి వెళ్లి మొదట దర్శనం చేసుకోండి, ముందు అమ్మవారు, తర్వాత సుందరేశ్వరుడు. ఆపై పొట్రామరై కోనేటి మెట్ల మీద కూర్చోండి, బయటికొచ్చి టిఫిన్ చేయండి, రాత్రి తొమ్మిదికి మళ్లీ లోపలికి వెళ్లండి. సుందరేశ్వరుణ్ని వెండి పల్లకిలో మీనాక్షమ్మ సన్నిధికి తీసుకెళ్తారు. మేళం, సాంబ్రాణి పొగ, చామరాలు. పగటి దర్శనంలో లేనిదంతా అక్కడ ఉంటుంది. మర్నాడు పొద్దున వెయ్యి స్తంభాల మండపం, తర్వాత తిరుమల నాయకుడి మహల్. 1636లో కట్టించిన మహల్లో ఇప్పుడు మిగిలింది చిన్న భాగమే, ఆ చిన్న భాగమే అంత పెద్దగా ఉంటుంది.

ఫోన్ లోపలికి రానివ్వరు. బయట లాకర్లో పెట్టాలి. పిల్లలు ఈ మాట విని మొహం చిన్నబుచ్చుకుంటారు, నాకైతే హాయిగా అనిపించింది. ఫోటోల కోసమే వెళ్తున్నవాళ్లకి మదురై నిరాశే. వాళ్లకి దారాసురం, గంగైకొండ చోళపురం నయం.

చిత్తిరై పండగ రోజుల్లో, అంటే ఏప్రిల్–మే ప్రాంతంలో, మీనాక్షీ కల్యాణం, అళగర్ (విష్ణువు) వైగై నదిలోకి దిగడం చూడాలని నాకూ ఉంది. కానీ అమ్మతో కాదు.

ఎవరికి ఏది?

ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు ఉంటే మదురై. మెట్లు పెద్దగా లేవు, ఒకే గుడి, గుడికి దగ్గరగా గది దొరుకుతుంది, మధ్యాహ్నం వచ్చి పడుకోవచ్చు. ఇల్లు దూరం, అదొక్కటే ఇబ్బంది. చెన్నై నుంచి 460 కిలోమీటర్లు. అయితే రాత్రి రైలు ఉంది, ఊళ్లో విమానాశ్రయమూ ఉంది. కంచి దగ్గరే కానీ ఆటో ఎక్కీ దిగీ పెద్దవాళ్లు అలిసిపోతారు. పదేళ్లు దాటిన పిల్లలతో అయితే తంజావూరు. అంతకంటే చిన్నపిల్లలతో ఎక్కడికెళ్లినా ఒక్కటే, వాళ్లకి గుడి ఏనుగు, ఐస్‌క్రీం తప్ప ఏదీ గుర్తుండదు. కొత్తగా పెళ్లయినవాళ్లు, చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లు, ఒంటరిగా తిరగాలనుకునేవాళ్లు కుంభకోణం. వారాంతం ఒక్కటే చేతిలో ఉంటే కంచి, ఇక ఆలోచించొద్దు.

కాలం మాటకొస్తే, ఏప్రిల్, మే నెలల్లో రాతి ప్రాకారాల్లో పదకొండు దాటాక కాళ్లు కాలతాయి, చెప్పులు ఎలాగూ బయటే. పాత సాక్సులు తీసుకెళ్లండి. అక్టోబర్ రెండో సగం నుంచి డిసెంబర్ మొదటి సగం దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, కావేరి డెల్టాలో గట్టిగా పడతాయి. డిసెంబర్ మూడో వారం నుంచి మకర సంక్రాంతి దాకా ధనుర్మాసం, తెల్లవారుజామునే గుళ్లు తెరుస్తారు, వాకిళ్లలో ముగ్గులు, చలి లేని చలికాలం. అందమైన కాలమే, కానీ మదురైలో అయ్యప్ప మాలల వాళ్లతో క్యూలు పెరుగుతాయి. అందులో సగం మంది మనవాళ్లే. ఫిబ్రవరికి వాయిదా వేసుకుంటే మూడు ఊళ్లూ బాగుంటాయి.

కుంభకోణానికో మదురైకో రైల్లో వెళ్లేవాళ్లకి ఇంకొక్కటి. హైదరాబాద్, విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్లు ఎక్కువగా చెన్నై సెంట్రల్‌లో ఆగుతాయి. దక్షిణానికి వెళ్లేవి మాత్రం ఎగ్మోర్ నుంచి, కొన్ని తాంబరం నుంచి బయల్దేరతాయి. టికెట్ మీద స్టేషన్ పేరు చదువుకోండి, మధ్యలో రెండు గంటలైనా ఖాళీ ఉంచుకోండి. సెంట్రల్‌లో దిగి, అక్కడే ప్లాట్‌ఫాం మీద కుంభకోణం బండి కోసం ఎదురుచూసిన కుటుంబం ఎవరిదో అడక్కండి.